డబ్బాలో ఏముంది, బావా?

ఆ నాలుగు వీధుల్లోనూ ఆయన అసలు పేరు తెలిసినవాళ్ళు లేరు. అందరి ఫోన్లలోనూ ఆయన పేరు ‘కరెంట్’. కాస్త మర్యాద తెలిసినవాళ్ళు ‘కరెంటాయన’ అని రాసుకున్నారు. రిటైరైన మాస్టారు ఒకాయన మాత్రం ‘కరెంట్ - ఎత్తడు’ అని రాసుకున్నాడు. ఆ సంగతి మాస్టారే ఫోన్ తెరిచి చూపించి మరీ చెప్పాడు. అందులో తప్పు పట్టడానికేం లేదు. రోజుకు నూట యాభై ఫోన్లొస్తే ఎవడు మాత్రం అన్నీ ఎత్తగలడు?

కరెంటాయన లైన్‌మాన్. ముప్పై ఒక్కేళ్ళుగా స్తంభాలెక్కి దిగుతున్నాడు. మోకాళ్ళు అరిగిపోయాయి. ఎడమ భుజం సగం వరకే లేస్తుంది, ఆపైన మొరాయిస్తుంది. ఇంకా ఇరవై నెలల సర్వీసుంది. ఈ ఇరవై నెలలూ స్తంభాలెక్కగలనా అన్న భయం ఆయనకు లేదు. ఈ ఇరవై నెలలూ ఫోనెత్తగలనా అన్నదే భయం.

కరెంటు పోయిన రెండో నిమిషానికి మొదలవుతుంది. మొదట చేసేవాళ్ళు పెద్దమనుషులు. ‘కరెంటు పోయిందండీ’ అని కబురు చెబుతారు, ఆయనకేదో తెలియనట్టు. రెండోరకం వాళ్ళు ‘ఎప్పుడొస్తుంది?’ అంటారు. ‘ఎందుకు పోయింది?’ అని కారణం కనుక్కునేవాళ్ళు మూడోరకం, వీళ్ళకు సమాధానం చెప్పినా అర్థం కాదు, చెప్పకపోతే కోపం. నాలుగోరకం వాళ్ళది అసలైన బాధ: ‘పక్క వీధిలో ఉంది, మాకెందుకు లేదు?’ మనిషి చీకటినైనా ఓర్చుకుంటాడు గానీ పక్కింట్లో ఫాను తిరుగుతుంటే ఓర్చుకోలేడు. ఇక కరెంటొచ్చాక చేసేవాళ్ళు కూడా ఉన్నారు. ‘వచ్చిందండీ. మళ్ళీ పోదు కదా?’ అని. దానికేం చెప్పాలో ముప్పై ఒక్కేళ్ళ సర్వీసులో ఆయనకు ఇంతవరకూ తెలియలేదు.

ఆఫీసువాళ్ళు పుణ్యం కట్టుకుని ఆయన నంబరును ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెల మీద ఎర్రరంగుతో రాయించారు. పైన పుర్రె బొమ్మ, ‘ప్రమాదం’ అన్న మాట, దాని కిందే పది అంకెలు. ఫోన్ చేస్తే ప్రమాదం ఎవరికో మాత్రం రాయలేదు.

అలాగని ఫోన్ రాకముందు ఆయన బతుకు పూలపాన్పేమీ కాదు. ఆ రోజుల్లో లైను ఆపించాలంటే సైకిలేసుకుని సబ్‌స్టేషన్‌కి వెళ్ళాలి. అక్కడ పెద్ద పుస్తకంలో ఏ లైను, ఏ స్తంభం, ఎంతసేపు అని రాసి సంతకం పెట్టాలి. ఆపరేటరు లైనాపి, స్విచ్చికి ఎర్రబోర్డు తగిలించి, తాళం వేసి, తాళంచెవి లైన్‌మాన్ చేతిలో పెడతాడు. అది జేబులో వేసుకుని మళ్ళీ సైకిలెక్కి రావాలి. పనయ్యాక మళ్ళీ వెళ్ళి, తాళంచెవి ఇచ్చి, మళ్ళీ సంతకం. పావుగంట పనికి పూట గడిచిపోయేది. కానీ ఆ తాళంచెవి తన జేబులో ఉన్నంతసేపు ఆ తీగలోకి కరెంటు పంపడం బ్రహ్మతరం కూడా కాదు. స్తంభం మీద ఉన్నప్పుడు తొడకు చల్లగా తగులుతూ ఉండేది. ఆ చల్లదనం ఆయనకు ఇప్పటికీ గుర్తే.

ఫోనొచ్చాక సైకిలు మూలన పడింది, తాళంచెవి కూడా. ‘రెండో లైనాపు బావా’ అంటే ఆగుతుంది, ‘ఇచ్చెయ్ బావా’ అంటే వస్తుంది. సబ్‌స్టేషన్ ఆపరేటరు ఆయన భార్యకు సొంత అన్నయ్య. ఒకరినొకరు బావా అంటే బావా అనుకుంటారు. మూడేళ్ళ కిందట వానలో తీగ తెగి బడి గేటు ముందు నీళ్ళలో పడింది. ఇస్త్రీబండి ఆవిడ చూసి, పరిగెత్తకుండా, అరవకుండా ముందు ఈయనకు ఫోన్ చేసింది. ఈయన బావకు చేశాడు. రెండు నిమిషాల్లో లైనాగింది. ఆ తర్వాత ఐదు నిమిషాలకు బడి వదిలారు. సైకిలు రోజులైతే ఏమయ్యేదో తలుచుకుంటే ఆయనకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అందుకే ఫోన్‌ను మనసారా తిట్టుకునే అదృష్టం కూడా ఆయనకు లేదు. తిట్టబోతాడు, ఇస్త్రీబండి ఆవిడ గుర్తొస్తుంది, సగంలో మింగేస్తాడు.

ఆ మొహమాటాలేవీ లేకుండా తిట్టేది ఆయన భార్య.

ఆమెకు ఫోన్ మీద ఉన్న కోపం సవతి మీద ఉండే కోపం లాంటిది. అన్నం దగ్గర అదే, మంచం దగ్గర అదే. పిల్ల పెళ్ళిచూపుల్లో కూడా పెళ్ళికొడుకు తండ్రి ఏదో అడుగుతుంటే ఈయన ‘ఒక్క నిమిషం’ అని లేచి వెళ్ళి, ‘ఫ్యూజు పోయిందమ్మా, వస్తున్నా’ అని వాకిట్లో అరిచాడు. ఆ సంబంధం కుదిరింది గానీ ఆ అరుపు ఆమె చెవుల్లోంచి పోలేదు. అన్నిటికన్నా ఆమెకు ఒళ్ళు మండేది ఆ చెయ్యి. ఫోన్లో ఉండగా తనేదన్నా చెప్పబోతే, ఆయన ఇటు తిరిగి చూడకుండానే అరచెయ్యి పైకెత్తుతాడు, ఆగమని. “మీ చెయ్యి చూసి చూసి నాకు చేతిరేఖలు చదవడం వచ్చేసింది,” అంటుంది.

తిడుతూనే ఆ ఫోన్‌కి సగం చాకిరీ చేసేది కూడా ఆమే. ఆయన స్నానంలో ఉన్నా, తింటున్నా, ఓ కునుకు తీస్తున్నా ఫోనెత్తి ఒకటే మాట చెబుతుంది: “ఆయన స్తంభం మీదున్నారండీ. దిగాక చేస్తారు.” ఆ మాటకు ఎంత కోపిష్టివాడైనా నోరు మూసుకుంటాడు. స్తంభం మీదున్నవాణ్ణి తిట్టడానికి ఎవరికీ నోరు రాదు. ఆ లెక్కన ఆ ఊళ్ళో కరెంటాయన బతుకులో సగం స్తంభాల మీదే గడిచింది.

నాలుగేళ్ళ కిందట పొడుగాయన పోయాడు. అతనూ లైన్‌మానే, పక్క సెక్షన్. స్తంభానికి నిచ్చెన అక్కర్లేదని అందరూ ఏడిపించేవాళ్ళు. ఒకే లైను మీద ఆ రోజు ఇద్దరు పనిచేస్తున్నారు. ఒకాయన తన పని ముగించి ఫోన్లో ‘మాదయిపోయింది’ అన్నాడు. అక్కడి ఆపరేటరు అంతా అయిపోయిందనుకున్నాడు. పొడుగాయన ఇంకా పైనే ఉన్నాడు. కరెంటాయన వెళ్ళేసరికి ఆ పొడుగు మనిషిని కిందికి దించి, సరిపోయే గుడ్డ లేక రెండు దుప్పట్లు కలిపి కప్పారు.

ఆ రాత్రి నుంచి ఆయన భార్యకు నిద్ర పట్టడం మానేసింది. మూడో రోజు అన్నయ్య ఇంటికి వెళ్ళి కూర్చుంది. “అన్నయ్యా, ఫోన్లో ఎవడో ఏదో అంటే లైనిచ్చేస్తావా? ఆయనే మాట్లాడుతున్నారని నీకేంటి నమ్మకం?” అని నిలదీసింది. అన్నయ్య చాలాసేపు గోళ్ళు గిల్లుకుని, చివరికి ఓ ఉపాయం చెప్పాడు. రోజూ పొద్దున్నే ఆరింటికి, డ్యూటీకి బయల్దేరేముందు, తను చెల్లెలికి ఫోన్ చేస్తాడు. బావ డబ్బాలో ఈ పూట ఏం పెడుతోందో కనుక్కుంటాడు. లైనిచ్చేముందు బావను అదే అడుగుతాడు. సరిగ్గా చెబితే ఇస్తాడు, లేకపోతే ఆఫీసరు కాదు, ఆయన బాబొచ్చి అడిగినా ఇవ్వడు.

మొదట్లో కరెంటాయన నవ్వాడు. “పాతికేళ్ళ పైన సర్వీసు పెట్టుకుని, కూర పేరు చెప్పి కరెంటు తెచ్చుకోవాలా?” అన్నాడు. తర్వాత అలవాటైపోయింది. ‘డబ్బాలో ఏముంది బావా?’ ‘వంకాయ.’ ‘ఇస్తున్నా.’ అంతే. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. ఒక్కోసారి ఆఫీసరు పక్కనే నిలబడి ఉండగా ‘వంకాయ’ అని గట్టిగా చెప్పాల్సొచ్చేది. ఆఫీసరు అదేదో కొత్త కోడ్ అనుకుని తలాడించేవాడు.

ఈ ఉపాయం వల్ల ఇంకో మంచి కూడా జరిగింది. అన్నాచెల్లెళ్ళు రోజూ మాట్లాడుకోవడం మొదలైంది. అంతకుముందు ఏడాదికి రెండుసార్లు, ఎవరి పెళ్ళికో చావుకో కలిస్తే కలిసినట్టు. ఇప్పుడు కూర పేరుతో మొదలుపెట్టి బీపీ మాత్రల దాకా వెళ్ళేవాళ్ళు. ఫోన్ వల్ల తనకు దక్కిన సుఖం ఇదొక్కటేనని ఆమె ఒప్పుకునేది. గట్టిగా కాదు, గొణుగుతూ.

ఆ రోజు సంగతి చెప్పాలంటే ముందురోజు సాయంత్రం నుంచి చెప్పాలి. ఈదురుగాలి వీచింది. రెండు చోట్ల తీగలు రాసుకుని నిప్పులు రాలాయి. ఎలాగో తాత్కాలికంగా సర్దేసి ఎనిమిదింటికి ఇల్లు చేరాడు. భార్య ముందు చిక్కుడుకాయలు పోసుకుని కూర్చుని ఉంటే తనూ కూర్చుని, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, ‘రేపు పొద్దున్నే చేస్తానండీ’ అని పదిమందికి చెబుతూ, సగం కాయలకు ఈనెలు తీశాడు. రేపు చిక్కుడుకాయ కూర అన్నది అలా ఆయన చేతులకే తెలుసు.

తెల్లారింది. ఆరింటికి అన్నయ్య ఫోన్ చేశాడు. “చిక్కుడుకాయ,” అని చెప్పింది ఆమె. ఏడు కావస్తుండగా కూర పొయ్యి మీదికెక్కింది. ఈయన స్నానానికి వెళ్ళాడు. ఏడింటికి ముందురోజు చేసిన సర్దుబాటు కాస్తా కాలిపోయి కరెంటు పోయింది, ఈయన ఫోన్ మొదలైంది. ఆమె వెళ్ళి ఎత్తింది. అవతల ఒకావిడ. తన నీళ్ళ మోటారు గురించి, మేడ మీది ట్యాంకు గురించి, ఇంటికొచ్చిన చుట్టాల గురించి, ఆ చుట్టాల పిల్లల పరీక్షల గురించి పది నిమిషాలు చెప్పింది. ‘స్తంభం మీదున్నారండీ’ అన్నా వినలేదు. “ఏ స్తంభం? నేను మేడ మీదే ఉన్నా, నాకు ఎక్కడా కనపడట్లేదే?” అంది. ఆమె వంటింట్లోకి వచ్చేసరికి చిక్కుడుకాయలు బొగ్గులయ్యాయి.

ఇంకో కూర తరగడానికి టైములేదు. నాలుగు గుడ్లు ఉడకబెట్టి, రెండు ఆయన డబ్బాలో అన్నం మీద పెట్టింది. ఈయన బట్టలేసుకుని, స్తంభం మీద కట్టుకునే బెల్టు భుజాన వేసుకుని, ఫోన్లో ‘బయల్దేరుతున్నా సార్, అదే సార్’ అంటూ గుమ్మంలోకి వచ్చాడు. ఫోన్లో ఉన్నవాడికి చెవులే కాదు, ముక్కు కూడా పనిచెయ్యదు. ఇల్లంతా మాడు వాసన, ఆయనకు తెలిస్తేగా.

“ఏవండీ, కూర మాడిపోయింది. గుడ్లు...” అంది ఆమె, డబ్బా చేతికిస్తూ.

ఆయన చెయ్యి లేచింది.

“అన్నయ్యతో చిక్కుడుకాయ అని చెప్పాను. ఇప్పుడు గుడ్లు...”

చెయ్యి ఇంకాస్త లేచింది. డబ్బా సంచిలో పడింది. బండి స్టార్టయింది. ఆమె గుమ్మం పట్టుకుని నిలబడి, “మీకు చెప్పేకన్నా ఆ స్తంభానికి చెప్పుకుంటే నయం,” అంది. అదీ ఆయన వినలేదు.

ఆ రోజు ఆయన ఎంత అలసిపోయి ఉన్నాడో చెబితే గానీ తర్వాత చేసిన పొరపాటు అర్థం కాదు. నాలుగు రోజులుగా గాలులు. నాలుగు రోజులుగా సరైన నిద్ర లేదు. మొదటి స్తంభం జిరాక్స్ షాపు ఎదురుగా ఉంది, రెండోది వీధి మలుపు తిరిగితే ఉంది. రెంటి మీదా తీగకూ తీగకూ కలిపే ముక్క కాలిపోయింది. ఆఫీసు నుంచి కొత్త ముక్కలు తెచ్చుకునేసరికి పదిన్నరయింది. బావకు ఫోన్ చేసి లైనాపించాడు. పొడుగాయన పోయినప్పటినుంచీ ఫోన్ పైకి తీసుకెళ్ళకూడదని పట్టుదల. పైనుండగా మోగితే ఉలిక్కిపడతామని. సంచిలో పెట్టి, సంచిని బండి హ్యాండిల్‌కి తగిలించాడు. గొలుసు ఒక కొసను భూమిలో దిగ్గొట్టి, రెండో కొసను పొడుగాటి కర్రతో తీగలకు తగిలించాడు. పొరపాటున లైనొచ్చినా అది భూమిలోకి పోతుంది, మనిషి బతుకుతాడు. అది ప్రతి లైన్‌మాన్‌కీ అమ్మ చెప్పినట్టు చెప్పే మాట. తర్వాత నిచ్చెనెక్కాడు.

మొదటి స్తంభం మీద నలభై నిమిషాలు పట్టింది. భుజం సహకరించలేదు. దిగాడు. గొలుసు విప్పి చేతిలోకి తీసుకున్నాడు. నిచ్చెన ఒక భుజాన, బెల్టు ఇంకో భుజాన. గొలుసు పది కిలోలుంటుంది. రెండోది పది నిమిషాల పనే కదా, బావ దగ్గర లైనెటూ ఆగే ఉంది కదా అనుకున్నాడు. ముప్పై ఒక్కేళ్ళలో ఎప్పుడూ అనుకోనిది ఆ రోజు అనుకున్నాడు. గొలుసును బండి పక్కనే పడేసి, ఉత్త నిచ్చెనతో మలుపు తిరిగాడు.

ఆ తర్వాత జరిగింది ఆయన చూడలేదు. సాయంత్రంలోగా జిరాక్స్ షాపాయనా, బావా చెరోవైపు నుంచి చెప్పినదాన్ని కలిపితే ఇదీ.

జిరాక్స్ షాపాయన మంచివాడు. అది ముందే చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. షాపులో ఇరవైమంది దాకా దరఖాస్తులు పట్టుకుని నిలబడ్డారు. మధ్యాహ్నం పన్నెండు గడువు. ఒకమ్మాయైతే ఏడవడం మొదలుపెట్టింది. ఈయన అద్దె జనరేటరొకటి తెప్పించి తాడు లాగుతున్నాడు. అది దడదడలాడుతోంది గానీ మిషను తిరగడం లేదు. ఎదురుగా కరెంటాయన స్తంభం దిగి నిచ్చెన తీసుకుని వెళ్ళిపోవడం చూశాడు. హమ్మయ్య, పనయిపోయింది, టీ తాగడానికి వెళ్ళాడనుకున్నాడు. బండి మీద సంచిలో ఫోన్ అదేపనిగా మోగుతోంది. ఆగుతోంది, మోగుతోంది. పాపం, మరిచిపోయి వెళ్ళినట్టున్నాడు, ఎవరో ఏం కంగారులో ఉన్నారో అని వెళ్ళి ఎత్తాడు.

అవతల సబ్‌స్టేషన్‌లో బావ పరిస్థితి ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒక చెవి దగ్గర ఆఫీసరు, ‘ఇంకెంతసేపయ్యా?’ అని. టేబుల్ మీద ఇంకో ఫోన్ ఊపిరి తిప్పుకోకుండా మోగుతోంది. ఆ గోల మధ్య సొంత ఫోన్ నుంచి కరెంటాయన నంబరుకు చేసి, “బావా, అయిందా?” అని అరిచాడు.

జనరేటరు చప్పుడులో జిరాక్స్ షాపాయనకు ‘అయిందా’ ఒక్కటే వినిపించింది. “అయిపోయింది! అయిపోయింది!” అని తనూ అరిచాడు. బావకు ఆ ‘అయిపోయింది’ ఒక్కటే వినిపించింది. ఆ దడదడలో మనుషుల గొంతులన్నీ ఒకేలా ఉంటాయి. బావ కుర్చీలోంచి లేచి స్విచ్చి మీద చెయ్యి వేశాడు. అలవాటు ప్రకారం అడిగాడు.

“డబ్బాలో ఏముంది?”

జిరాక్స్ షాపాయన సంచిలోకి చూశాడు. నిజంగానే డబ్బా ఉంది. పాపం మనిషి అన్నం ఇక్కడే వదిలేసి వెళ్ళాడా ఏంటని ఇంట్లోవాళ్ళు కంగారుపడుతున్నారేమో అనుకున్నాడు. అడిగినదానికి సమాధానం చెప్పడం మర్యాద కదా. మూత తీసి చూశాడు.

“గుడ్లు!” అని అరిచాడు.

స్విచ్చి మీది చెయ్యి ఆగిపోయింది.

పొద్దున ఆరింటికి చెల్లెలు స్పష్టంగా చిక్కుడుకాయ అంది. బావ ఆఫీసరు ఫోన్‌ను టేబుల్ మీద పడేసి, రెండో చెవి మూసుకుని, “ఏంటీ? మళ్ళీ చెప్పు!” అన్నాడు.

“గుడ్లండీ! ఉడకబెట్టిన గుడ్లు, రెండున్నాయి!”

ముప్పై ఏళ్ళలో కరెంటాయన తనను ‘అండీ’ అన్నది లేదు. బావ స్విచ్చికి దూరంగా జరిగాడు. “ఎవరయ్యా నువ్వు? ఆయనెక్కడ? ముందు ఆయన ఎక్కడున్నాడో చూసి చెప్పు!”

జిరాక్స్ షాపాయన ఫోన్ పట్టుకునే మలుపు దాకా పరిగెత్తాడు. తలెత్తి చూశాడు. కరెంటాయన స్తంభం మీద, బెల్టుకు వేలాడుతూ, రెండు చేతుల్తో తీగ పట్టుకుని ఉన్నాడు.

“పైనే ఉన్నాడండీ,” అన్నాడు.

కరెంటాయన కిందికి చూశాడు. తన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని జిరాక్స్ షాపాయన నిలబడి ఉన్నాడు, తెల్లకాగితంలా. ఆయనకు చిరాకేసింది. “అయిపోతోందయ్యా, ప్రాణాలు తోడేస్తున్నారు, ఇంకో ఐదు నిమిషాలు ఆగలేరా!” అని కసిరాడు. షాపాయన కదల్లేదు. అతని కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఇదేదో వేరే సంగతని అప్పుడర్థమై, మెల్లగా దిగి ఫోన్ తీసుకున్నాడు.

“బావా,” అంది అవతలి గొంతు. “డబ్బాలో ఏముంది?”

“చిక్కుడుకాయ. ఏం? నా పని ఇంకా కాలేదు, అప్పుడే ఇవ్వకు.”

“ఒట్టు?”

“నేనే ఈనెలు తీశాను. ఏమైంది బావా నీకు?”

“వెళ్ళి డబ్బా చూసుకో,” అన్నాడు బావ. ఆ పైన పెద్దాయన చిన్నపిల్లాడిలా ఏడవడం వినిపించింది.

బండి దగ్గరికి నడిచి వెళ్ళి చూశాడు. మూత పక్కనే ఉంది. అన్నం మీద రెండు గుడ్లు. పక్కన నేల మీద తను పడేసి వెళ్ళిన గొలుసు. ఆయన ఆ గొలుసు పక్కనే కూలబడ్డాడు. జిరాక్స్ షాపాయన “నేనే అయిపోయిందన్నానండీ... మీరు దిగేశారనుకున్నానండీ...” అని అదే మాట అంటున్నాడు. కరెంటాయనకు అతణ్ణి తిట్టాలనిపించలేదు. ఎవణ్ణి తిట్టాలి? ఆయన పొడుగాయన పాదాల గురించి ఆలోచిస్తున్నాడు. రెండు దుప్పట్లు కలిపి కప్పినా అవి బయటే ఉన్నాయి.

కాసేపటికి లేచాడు. లేవక ఏం చేస్తాడు, వీధంతా కరెంటు లేదు. గొలుసు భుజాన వేసుకున్నాడు. జిరాక్స్ షాపాయన వద్దన్నా వినకుండా రెండో కొస పట్టుకుని మలుపు దాకా మోశాడు. పదిహేను నిమిషాల్లో పని ముగిసింది. పన్నెండుకు ఇరవై నిమిషాలుండగా కరెంటొచ్చింది. ఏడ్చిన అమ్మాయి దరఖాస్తు అందే ఉంటుంది. ఫోన్లో అరవైమూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. అందులో ఏడు ‘ఇల్లు’. ఏ గ్యాసు బండ గురించో అయ్యుంటుంది, ఇంటికెళ్ళాక చూద్దాంలే అనుకున్నాడు. ఆ గుడ్లు మాత్రం తినలేకపోయాడు.

సాయంత్రం బావ ఫోన్ చేసి ఒకే మాటన్నాడు: “చెల్లికి చెప్పొద్దు.” ఈయన సరేనన్నాడు. చెబితే మళ్ళీ ఆమెకు ఏ రాత్రీ నిద్ర ఉండదు. ఇరవై నెలలంటే ఆరువందల రాత్రులు.

ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుని నేల మీద గోడకానుకుని కూర్చున్నాడు. ఆమె డబ్బా తీసి చూసింది.

“తినలేదేం? చల్లారిపోయాయా?”

“ఆకలి లేదు.”

“నాకు తెలుసు, కోపం. చిక్కుడుకాయ అనుకుని మూత తీస్తే గుడ్లు కనపడ్డాయి. నేను పొద్దున చెప్పలేదూ? మీరు చెయ్యెత్తారు.” ఆమె డబ్బా తొట్టి దగ్గర పెట్టి వచ్చి ఎదురుగా కూర్చుంది. “మీకు తెలుసా, మీరెళ్ళిన దగ్గర్నుంచీ నా మనసు మనసులో లేదు. మీరు విన్లేదాయె. డబ్బా తెరిచి చూసుకుని మీరు గుడ్లంటారు, అన్నయ్యకేమో నేను చిక్కుడుకాయని చెప్పాను. అన్నయ్య లైనివ్వడు, వీధంతా మిమ్మల్ని ఆడిపోసుకుంటుంది. ఎలాగైనా అన్నయ్యకి చెప్పేద్దాం, కూర మారింది, గుడ్లంటే ఇచ్చెయ్యమని అని ఫోన్ పట్టుకుని కూర్చున్నా. ఇరవైమూడు సార్లు చేశానండీ. మీకూ చేశాను, ఎత్తలేదు. అన్నయ్యకెప్పుడు చేసినా బిజీ, బిజీ, బిజీ. ఊరంతా ఆయనకే చేస్తుంటే నాకెక్కడ కలుస్తుంది? ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కలవొద్దూ? అక్కరకు రానిది ఎందుకండీ ఈ ఫోను?”

ఆయన ఆమె మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఇరవైమూడు సార్లు. ఆ ఇరవైమూడులో ఒక్కటి కలిసి ఉంటే, స్విచ్చి మీద చెయ్యి పెట్టుకుని బావ విన్న ‘గుడ్లు’ సరైన సమాధానం అయ్యేది. ఆమె ఆయన మంచి కోసమే పొద్దున్నుంచీ ఆ నంబరు నొక్కుతూ కూర్చుంది.

“ఏంటలా చూస్తారు?”

“పొద్దున గుమ్మంలో ఏదో చెప్పావు కదా. మళ్ళీ చెప్పు.”

“ఏముంది చెప్పడానికి? కూర మాడిపోయింది, గుడ్లు పెట్టాను అన్నాను. అంతే.”

“అదే. మొదట్నుంచీ చెప్పు. ఎలా మాడింది?”

ఆమె అనుమానంగా చూసింది. అయినా మొదలుపెట్టింది. మేడ మీది ఆవిడ, ఆవిడ మోటారు, ఆవిడ చుట్టాలు. అంతలో ఫోన్ మోగింది. ఆయన అరచెయ్యి అలవాటుగా లేచింది. ఆమె టక్కున నోరు మూసుకుంది. ఆయన ఆ చెయ్యిని చూసుకున్నాడు, అది ఎవరిదో అన్నట్టు. మెల్లగా దించి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఫోన్ తీసుకోలేదు.

మోగి మోగి ఆగింది. మళ్ళీ మొదలైంది. ఆమే విసుక్కుంటూ లేచి వెళ్ళి ఎత్తింది.

“ఆయన స్తంభం మీదున్నారండీ,” అంది. “దిగాక చేస్తారు.”

రెండు కాళ్ళూ బారజాపుకుని నేల మీద కూర్చుని ఉన్న కరెంటాయనకు ఏడుపొచ్చింది.